ఎడమచేతి కత్తి

కోతమిల్లు వెనక వీధి

బావగారికి నమస్కారాలు.

నాకిక్కడ ఏమీ కాలేదు. మీకెలా ఉందో అడగాలంటే భయంగా ఉంది, అయినా అడుగుతున్నాను.

పార్సిల్ అందింది. బస్సు కండక్టరు ఇంటిదాకా వచ్చి ఇచ్చి వెళ్లాడు. అందులో మీ మంగలికత్తి, తోలుపట్టీ, సానరాయి, నురగ కలిపే గిన్నె ఉన్నాయి. అవి కళ్లెదుట ఉండకూడదని మీరే పంపించేశారట, అక్క చీటీ రాసింది. మీ కుడిపక్క పడిపోయినప్పటినుంచి నన్ను కూడా రావద్దన్నారు. సరే. మాట తడబడుతోందని ఫోన్లో మాట్లాడరు. నాకు తడబాటు లేకపోయినా మాట రాదు. అందుకని ఉత్తరం.

ఇన్నేళ్లూ ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చి మీ కుర్చీలో కూచునేవాణ్ణి. మీరు మాట్లాడుతూ ఉండేవారు. నా మూతి చుట్టూ నురగ ఉండేది కాబట్టి జవాబు చెప్పనక్కర్లేదు. నాకది బాగుండేది. ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు గడ్డం పెరిగింది. మా వీధి చివర కొట్టుకి వెళ్లాను. అక్కడి మనిషి ఏ స్టైలు కావాలని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక, ఎవరికోసమో వచ్చానని అబద్ధమాడి బయటికొచ్చేశాను.

కాబట్టి మీ కత్తితో నేనే గీసుకుందామనుకుంటున్నాను. గీసుకోవచ్చా?

ఇంకొకటి. కింద కొట్టుగది జిరాక్సు ఆయనకి ఇచ్చేస్తున్నారని అక్క రాసింది. నిజమా?

మీ బావమరిది


కొట్టు మీది గది

మౌనస్వామికి,

చెప్పేది నేను, రాసేది మీ అక్క. నా నోరు సగం సెలవులో ఉంది. నేనన్నది ఈవిడకి తప్ప ఎవరికీ అర్థం కాదు. పెళ్లయిన ఇన్నేళ్లకి నా మాట చెవిన పెట్టింది. (పెట్టక చస్తానా. – అక్క)

నోరు తెరిస్తే ఎక్కడ మాట రాలిపోతుందో అన్నట్టుండేవాడివి, ఇంత ఉత్తరం రాశావంటే ఆ గడ్డం ఎంత దురద పెడుతోందో తెలుస్తోంది. గీసుకో. గొంతు మాత్రం కోసుకోకు, ఆ నింద కూడా నేను మొయ్యలేను.

వేడినీళ్లలో తువ్వాలు ముంచి మొహం మీద వేసుకో. తోలు మెత్తబడాలి. నురగ చిక్కగా కలుపు, నీళ్లనీళ్లగా కాదు. కత్తి వెన్నుని చెంపకి కొంచెం ఎడంగా పట్టుకో. మరీ లేపితే తోలు లేస్తుంది, మరీ పడుకోబెడితే వెంట్రుక పీక్కుంటుంది. రెండో చేత్తో చర్మం లాగి పట్టుకో. వెంట్రుక ఎటు వాలి ఉంటే అటే నడువు. నొక్కకు, కత్తి బరువు కత్తికి చాలు. ముందు చెంపలతో సరిపెట్టు. దవడ కిందికీ, పెదవి మీదికీ ఇప్పుడే పోకు. పదునుకి తోలుపట్టీ మీద లాగేటప్పుడు వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివరికొచ్చి తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించు.

కొట్టు సంగతి నిజమే. వచ్చే వానాకాలం వెళ్లాక ఇస్తానని మాటిచ్చాను. కుడిచెయ్యి లేనివాడికి కొట్టెందుకు. గ్లాసు నిలవని చేతిలో కత్తేం నిలుస్తుంది, అదీ ఒకడి గొంతు మీద. ఇక ఆ ఊసెత్తకు.

మీ బావ

(తమ్ముడూ, ఆ మాట చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇది నేను విడిగా రాస్తున్నాను. కింద కుర్చీకి దుప్పటి కప్పించారు. జబ్బు చేశాక మెట్లు దిగలేదు. ఎడమచెయ్యి శుభ్రంగా ఉంది, దాంతో పనులు చెయ్యండని డాక్టరు మొత్తుకుంటున్నాడు. చెంచా కూడా పట్టుకోరు, నేనే తినిపిస్తున్నాను. కొట్టు పోతే ఈ మనిషి ఇక మంచం దిగరని నా భయం. – అక్క)


కోతమిల్లు వెనక వీధి

బావగారికి,

గీసుకున్నాను. రెండుచోట్ల తెగింది. పోవద్దన్న చోటికే పోయాను. తోలుపట్టీ మీద తిప్పడం కూడా పొరపాటు చేశాను, వెన్ను మీద కాకుండా అంచు మీద తిప్పాను. పట్టీకి గాటు పడింది. మన్నించండి.

అయినా మర్నాడు మళ్లీ పట్టుకున్నాను. ఇప్పుడు తెగడం లేదు. సరిగ్గా నడిచినప్పుడు ఒక చప్పుడు వస్తుంది కదా బావా. ఎండిన చెక్క మీద సన్నరంపం నడిచినట్టు. ఇన్నేళ్లు మీ కుర్చీలో కూచున్నాను, ఆ చప్పుడెప్పుడూ వినలేదు. మీ మాటలే వినబడేవి.

పాతసామాన్ల కొట్లో తుప్పుపట్టిన కత్తి ఒకటి దొరికింది. పిడి లేదు. దీంతో వెన్న కూడా తెగదని కొట్టువాడు నవ్వాడు. తెచ్చి కిరసనాయిల్లో నానబెట్టాను. గరుకు కాగితంతో రుద్దగా రుద్దగా లోపల తెల్లగా ఉక్కు బయటపడింది. మిల్లునుంచి తెచ్చుకున్న నల్లచెక్క ముక్కతో పిడి చేశాను. మేకు దిగ్గొట్టేటప్పుడు చీలింది. ఇంకొకటి చేశాను. తర్వాత ఇంకో కత్తి దొరికింది, దాన్నీ తెచ్చాను. పొద్దున లేస్తే చెయ్యడానికి పని ఉంటోంది. మిల్లు మానేశాక ఇలా లేదు.

మీ బావమరిది


కోతమిల్లు వెనక వీధి

అక్కకు,

ఇది బావకి చదివి వినిపించకు.

బావ కత్తి అంచు వంగి ఉంది. రోజూ గీసుకుంటున్నా ఇన్నాళ్లూ చూసుకోలేదు. నిన్న ఇనుప స్కేలు ఆనించి దీపం ముందు పెడితే రెండు కొసల కిందా వెలుతురు కనబడింది. మధ్యలో పొట్ట ఉంది. వాడీ వాడీ అరిగిపోయినట్టుంది, పాపం. మిల్లులో చిత్రికపట్టే బ్లేడు ఇలా ఉంటే మా మేస్త్రీ మమ్మల్ని తిట్టిపోసేవాడు. నేను సరిచేసి కొత్తదానిలా మెరిపించి పంపుతాను. చూస్తే ఆయనకి మళ్లీ చేతిలోకి తీసుకోవాలనిపిస్తుందేమో.

తమ్ముడు


కొట్టు మీది గది

తమ్ముడికి,

చెప్పనులే. త్వరగా పంపు. నిన్న జిరాక్సు ఆయన టేపు పట్టుకుని వచ్చి గదంతా కొలుచుకున్నాడు. మిషను ఇక్కడ, బల్ల ఇక్కడ అని ఒక్కడే మాట్లాడుకుంటున్నాడు. అద్దాలు తీసేస్తారా ఉంచుతారా అనడిగాడు. మీ బావ పైనుంచి అంతా వింటూనే ఉన్నారు. మధ్యాహ్నం అన్నం వద్దన్నారు.

నువ్వు గీసుకుంటున్న సంగతి మాత్రం ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నారు. పట్టీకి గాటు పెట్టావని చదివినప్పుడు, వాడి మొహం, అది అందరూ పెట్టేదేలే అన్నారు. నవ్వారు కూడా, ఒకపక్కగా.

అక్క


కోతమిల్లు వెనక వీధి

బావగారికి,

దీంతోపాటు మీ కత్తి పంపుతున్నాను. కొత్త పిడి వేశాను. తుడిచి, మెరుగుపెట్టి, సాన పట్టాను. అంచు వంకర తీశాను. ఇప్పుడు స్కేలు పెడితే వెలుతురు సందు కూడా లేదు. ఒక్కసారి పట్టుకుని చూడండి.

మీ బావమరిది


కొట్టు మీది గది

ఇది ఎవరి కత్తి?

అది అరుగుదల కాదు. నా చెయ్యి చెక్కిన వంపు. దవడ మలుపు దగ్గర దానంతటదే తిరిగేది. గీకి పారేశావు.

నా కత్తి ఏది?


కొట్టు మీది గది

తమ్ముడికి,

ఆయన ఉత్తరం చూసి బెంగపెట్టుకోకు. ముందు ఇది చదువు.

కత్తి విప్పి ఎడమచేతి బొటనవేలితో అంచు తడిమారు. అంతే, మొహం మారిపోయింది. నేను కాగితం తీసుకుని కూచున్నాను, చెబుతారు కదా రాద్దామని. నువ్వు అవతలికి పో అన్నారు. పెన్సిలు లాక్కున్నారు. ఎడమచేత్తో. కాగితం జారిపోతుంటే కుడి మోచెయ్యి బరువేసి ఆపుకున్నారు. పెన్సిలు ములుకు విరిగితే చెక్కిచ్చాను, అది కూడా నా చేతిలోంచి గుంజుకున్నారు. ఆ నాలుగు ముక్కలకి సాయంత్రమైంది.

నీ కుట్రలో నాకూ భాగం ఉందని తెలిసి నాతో మాట్లాడడం లేదు. నా చేత్తో తినరట. ఎడమచేత్తో తనే తిన్నారు. సగం చొక్కా మీద పోసుకున్నారు. నేను వంటగదిలోకి వెళ్లి ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు. జబ్బు చేశాక ఈయన ఇంత కోపంగా ఎప్పుడూ లేరు. అసలు ఏమీగా లేరు.

అక్క


కోతమిల్లు వెనక వీధి

బావగారికి,

తప్పు చేశాను. మిల్లులో తిన్నగా లేనిదంతా తప్పే. నాకు తెలిసిందదే, అదే చేశాను. మిమ్మల్ని అడగాల్సింది. అరగదీసిన ఉక్కు తిరిగి రాదు.

మీ ఉత్తరం గోడకి గుచ్చి పెట్టుకున్నాను. తిట్లకోసం కాదు. ఆ అక్షరాలు చూస్తున్నాను. అన్నీ ఒకేవైపుకి లాగి ఉన్నాయి. ప్రతి గీతా గట్టిగా మొదలై, తేలిగ్గా అయిపోతోంది. అది మీ ఎడమచెయ్యి. ఆ చేతికి ఇంకా కత్తి లేదు.

నేను చేస్తాను. ఎప్పుడూ చెయ్యలేదు. మిల్లు రంపాలకి పదును పెట్టిన ఇనప ఆకురాళ్లు, పళ్లు అరిగిపోయినవి, నా దగ్గర పెట్టెడున్నాయి. అది మంచి ఉక్కు. ముందుగా చెక్కతో మూడు కత్తులు చెక్కి పంపుతున్నాను. ఒకటి సన్నం, ఒకటి మందం, ఒకటి చిటికెనవేలు ఆనే తోక పొడుగు. ఎడమచేత్తో పట్టుకుని ఏది కుదురుతుందో చెప్పండి. వద్దనకండి.

మీ బావమరిది


కొట్టు మీది గది

చెక్కపని స్వామికి,

మళ్లీ మీ అక్క చేతే రాయిస్తున్నాను. రాజీ పడ్డాం. (నేను పడలేదు. – అక్క)

ఆడుకోమని చెక్క కత్తులు పంపావు, నేనేమన్నా ఊయల్లో ఉన్నానా. తీసి అలమర మీద పారేశాను. ఎండలన్నీ అవి అక్కడే ఉన్నాయి. మొన్న వానకి బయటికి చూస్తూ కూచుంటే తోచక దింపాను. సన్నది పనికిరాదు, వేళ్లలో ఉన్నట్టే తెలియదు. మందంది బాగుంది గానీ కత్తి ముక్కు దగ్గర బరువు. తోక పొడుగుది చిటికెనవేలికి అందుతోంది. మందందానికి ఆ తోక పెట్టు. ముక్కు తగ్గించు. అంతే, ఉన్నది చెప్పాను. చెయ్యమని అడగలేదు.

మీ బావ

(దింపిన దగ్గర్నుంచి కింద పెట్టడం లేదు. తలగడకి గీశారు, బిందెకి గీశారు. నిన్న నన్ను కూచోబెట్టి చెంప మీద సబ్బు నురగ రాసి చెక్కముక్కతో గీశారు. నాకు గడ్డం ఎక్కడిదండీ అంటే, వస్తుందిలే, కంగారు పడకు అన్నారు. జిరాక్సు ఆయన వానలు తగ్గగానే వస్తానన్నాడు. నువ్వు కానియ్. – అక్క)


కోతమిల్లు వెనక వీధి

బావగారికి,

ఆలస్యమైంది. చెప్తాను.

మొదటిదానికి ఆకురాయి కాల్చి సాగగొట్టి, రూపం తెచ్చి, మళ్లీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. టింగుమంది. తీసి చూస్తే అడ్డంగా చీలిక. రెండోదానికి ముంచేముందే అంచు మరీ పల్చగా చేశాను. నూనెలో పడగానే వంకర తిరిగింది. మూడోది మందంగానే ఉంచి ముంచాను, నిలబడింది. తర్వాత పెనంలో ఇసుక పోసి, అందులో పెట్టి, పొయ్యిమీద సన్నసెగన ఎండుగడ్డి రంగు వచ్చేదాకా వేడిచేశాను. లేకపోతే గాజులాగా పెళుసుగా ఉంటుంది. ఆ తర్వాత తడి సానచక్రం మీద రెండువైపులా పల్చన చేశాను. ప్రతిసారీ నీళ్లలో ముంచుతూ, చేతికి వేడి తగలకుండా. తొందరపడితే అంచు నీలం తిరుగుతుంది, ఉక్కు చస్తుంది. మా పక్కింటామె రోజూ గోడమీంచి చూసి, ఇంకా ఎంత అరగదీస్తావయ్యా, సూది చేస్తున్నావా అంటోంది.

దాంతో నేను గీసుకున్నాను. కుడిచేత్తో బాగా తెగింది, అంటే వెంట్రుకలు. తర్వాత ఎడమచేత్తో ప్రయత్నించాను. చెంప తెగింది. అద్దంలో ఎటు పోవాలో తెలియలేదు. మీరు చేస్తున్నది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

అంచుకి వంపు పెట్టలేదు. పెట్టగలను, మనసు పడింది కూడా. కానీ అది నేను చేసేది కాదు. తిన్నగానే పంపుతున్నాను. మీ చెయ్యి ఎటు లాగితే అటు అరుగుతుంది.

మీ బావమరిది


కొట్టు మీది గది

బామ్మర్దికి,

ఇది నేనే రాస్తున్నాను. అక్షరాలు తాగి నడుస్తున్నాయి, సర్దుకో.

కత్తి బాగుంది. ఇంతకంటే పొగిడితే నువ్వు సిగ్గుతో చస్తావు.

బెలూను ఊది నురగ రాసి గీస్తున్నాను. మా నాన్న నాకు అలాగే నేర్పాడు. అది ఢామ్మన్నప్పుడల్లా మీ అక్క గరిటె జారవిడుస్తోంది. కింద వీధిలో వాళ్లు మా ఇంట్లో ఏం సంబరం జరుగుతోందని అడిగారట. ఈ వారం పగలడం తగ్గింది. నిన్న ఒకటి నున్నగా వచ్చింది, మచ్చ లేకుండా. దాన్ని కిటికీకి కట్టించాను.

బెలూనుకి నొప్పి తెలియదు. అది వేరు. మనిషి మీద పెట్టడానికి నాకు భయం. మీ అక్కతో అనలేదు ఈ మాట.

వానలు తగ్గాయి. జిరాక్సు ఆయన ఆదివారం మధ్యాహ్నం తాళానికి వస్తాడు. ఆలోగా తేలాలి నాకు, చెయ్యగలనో లేనో. నువ్వు పొద్దున్నే రా. గీసుకోకుండా రా. భయమైతే రావద్దు, ఏమీ అనుకోను.

బావ


కోతమిల్లు వెనక వీధి

అక్కకు,

పొద్దున బావ నిన్ను కిందికి రావద్దన్నారు కదా. నువ్వు మెట్ల మీద కూచున్నావని నాకు తెలుసు, నీ కాళ్లు కనబడ్డాయి. కానీ లోపల జరిగింది కనబడి ఉండదు. బయల్దేరేటప్పుడు నువ్వు అడిగితే చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

నా భుజం పట్టుకుని మెట్లు దిగాక, దుప్పటి ఆయనే లాగారు. కుర్చీ దుమ్ము తుడవమని నాకు గుడ్డ ఇచ్చారు. కూచున్నాను. వేడి తువ్వాలు వేశారు, నురగ రాశారు. అదంతా బాగానే అయింది. కత్తి విప్పాక చెయ్యి వణికింది. పక్కన పెట్టేశారు. మళ్లీ తీశారు. మళ్లీ పెట్టేశారు. అద్దంలో నావంక చూడడం లేదు.

ఆయన మాట్లాడడం లేదక్కా. ఆ కుర్చీలో నేను కూచుని ఉండగా ఆయన మాట్లాడకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో ఒకరు మాట్లాడాలి. నేను మొదలుపెట్టాను. మిల్లులో పాత మేస్త్రీ సంగతి చెప్పాను, ఆయన మీసం బెల్టులో ఇరుక్కోబోయిన సంగతి. నురగ నోట్లోకి పోతోంది, అయినా చెప్పాను. పక్కింటామె సంగతి చెప్పాను. చెప్పడానికి ఇంకేమీ లేకపోతే మా వీధిలో కుక్కల సంగతి చెప్పాను. కుక్కల సంగతి మధ్యలో ఉండగా చెంప మీద చల్లగా కత్తి ఆనింది.

నోరుముయ్యి, దవడ కదులుతోంది అన్నారు.

మూశాను. గోరంత గీత, ఆగడం, తుడవడం. మళ్లీ గోరంత. వణుకు పోలేదు. వణుకు తగ్గినప్పుడు గీశారు, పెరిగినప్పుడు ఆగారు, అంతే. నేను కళ్లు మూసుకోలేదు. ఎడమచెంప పూర్తయ్యేసరికి ఆయన చొక్కా వీపున తడిసిపోయింది. చెయ్యి ఇక లేవలేదు. సగంలో ఆపేస్తే తప్పుగా అనుకుంటావా అనడిగారు. చెంప తడుముకున్నాను. ఎక్కడా తెగలేదు. బాగుందని చెప్పాను.

జిరాక్సు ఆయన చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, సగం నురగతో ఉన్న నా మొహం చూసి, తాళం గురించి అడిగాడు.

“గది ఖాళీ లేదు బాబూ,” అన్నారు బావ.

ఆ మాట ఎక్కడా తడబడలేదు. నువ్వూ విన్నావా? మెట్ల మీద నీ కాళ్లు కదిలాయి.

ఇంక నా సంగతి. నురగ కడుక్కుని అలాగే బస్సెక్కాను. ఒకవైపు నున్నగా, ఒకవైపు తెల్లగడ్డం. మామూలుగా నేను కిటికీ పక్క సీటు చూసుకుని బయటికి చూస్తూ కూచుంటాను, ఎవరూ పలకరించకుండా. ఇవాళ నించోవలసి వచ్చింది. అందరూ చూశారు. ఒకావిడ పక్కావిడ డొక్కలో పొడిచి చూపించింది. చివరికి కండక్టరు ఉండబట్టలేక, ఏంటి పెద్దాయనా, డబ్బులు చాల్లేదా, సగమే గీశారు అన్నాడు. బస్సంతా నవ్వింది.

“మా బావ గీశాడు. ఎడమచేత్తో,” అన్నాను.

కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. వెనక సీట్లవాళ్లు కూడా తిరిగి చూశారు. ఒకాయన లేచి నాకు సీటిచ్చాడు. ఎందుకిచ్చాడో తెలీదు. కూచున్నాను.

ఇంటికొచ్చాక అద్దం ముందు నిలబడ్డాను. కత్తులు వరసగా ఉన్నాయి, నీళ్లు కాగి ఉన్నాయి. కుడిచెంప గీసుకోవడం నాకిప్పుడు ఎంతసేపు. గీసుకోలేదు. రేపు పాలకీ, కూరలకీ ఇలాగే పోతాను, అడిగినవాళ్లకి చెప్తాను. బావతో చెప్పు, ఆ చెంప ఆయనది, నేను ముట్టుకోను.

తమ్ముడు